బొగ్గు సొమ్ముతో మొదలైన యుద్ధాల చదువు

కొత్తగూడెంలో బొగ్గు అంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. రుద్రంపూర్‌లోనో రామవరంలోనో ఏ ఇంట్లో అడిగినా తాత ఏ ఇంక్లైన్‌లో దిగేవాడో, నాన్న ఏ ఓపెన్‌కాస్ట్ గనిలో (ఓసీలో) డంపర్ నడిపాడో చెబుతారు. ఆడపిల్లల పెళ్లిళ్లు, మగపిల్లల ఇంజినీరింగ్ ఫీజులు, దసరా ముందు చేతికొచ్చే లాభాల వాటా, అన్నీ ఆ నల్ల రాయి చలవే. అలాంటి బొగ్గు సొమ్ముతోనే ప్రపంచంలో ఒక చదువు కూడా పుట్టిందంటే మాత్రం ఈ ఊళ్లో కూడా చాలామంది ఆశ్చర్యపోతారు. దేశాలు ఎందుకు కొట్టుకుంటాయి, కొట్టుకోకుండా ఎప్పుడు ఆగుతాయి అని ఆరా తీసే చదువు అది. అంతర్జాతీయ భద్రత అనీ, వ్యూహాత్మక అధ్యయనాలనీ ఇవాళ దానికి రకరకాల పేర్లున్నాయి.

కథ బ్రిటన్‌లోని వేల్స్‌లో మొదలవుతుంది. డేవిడ్ డేవిస్ అనే ఆయన కలప కోసే రంపం పనితో బతుకు మొదలుపెట్టి, రైలు మార్గాల కాంట్రాక్టులు పట్టి, చివరికి రోండా లోయలో గనులు తవ్వించి ఓషన్ కోల్ కంపెనీకి అధిపతి అయ్యాడు. పొగ తక్కువ, సెగ ఎక్కువ ఉండే వేల్స్ బొగ్గంటే బ్రిటిష్ నౌకాదళానికి ప్రాణం. తాత పేరే పెట్టుకున్న మనవడు డేవిడ్ డేవిస్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లి ఒక పటాలానికి నాయకత్వం వహించాడు. కందకాల్లో కుర్రాళ్లు ఎలా చనిపోతున్నారో కళ్లారా చూశాడు. 1919లో చెల్లెళ్లు గ్వెండొలిన్, మార్గరెట్‌లతో కలిసి అబెరిస్ట్‌విత్ కళాశాలకు 20 వేల పౌండ్లు ఇచ్చాడు. యుద్ధంలో పోయిన విద్యార్థుల జ్ఞాపకార్థం అంతర్జాతీయ రాజకీయాలకు ఒక ఆచార్య పీఠం పెట్టమన్నాడు. ప్రపంచంలో ఆ విషయానికి అదే మొట్టమొదటి పీఠం. యుద్ధనౌకల కొలిమిలో మండిన బొగ్గే యుద్ధాల మీద పరిశోధనకూ పెట్టుబడి అయింది.

దాత కోరిక ఒకటైతే ఆచార్యుడు చెప్పిన పాఠం మరొకటైంది. దేశాలన్నిటికీ కలిపి ఒక పోలీసు దళం ఉంటే యుద్ధాలు ఆగుతాయని డేవిస్ గట్టి నమ్మకం. 1936లో ఆ పీఠంలోకి వచ్చిన ఇ.హెచ్. కార్‌కి ఆ నమ్మకం లేదు. శాంతి కావాలని కోరుకున్నంత మాత్రాన అది రాదు, ముందు ఎవరి బలమెంతో, ఎవరి భయమేమిటో చూడాలన్నాడు. డేవిస్‌కి అది రుచించలేదు. ఈ వాదనతో కార్ రాసిన పుస్తకం 1939లో, సరిగ్గా రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లోనే అచ్చయింది. తన మాటే నెగ్గిందని సంతోషించే పరిస్థితి ఆయనకూ లేదు.

ఆ తర్వాత ఈ చదువు ఐరోపా దాటి అమెరికా చేరింది. 1959లో కెన్నెత్ వాల్ట్జ్ అనే పండితుడు యుద్ధ కారణాలను మూడు చోట్ల వెతకమన్నాడు. మనిషి స్వభావంలో, దేశాల లోపలి పాలనలో, దేశాలన్నిటి మీదా పెద్దదిక్కు లేని ప్రపంచ వ్యవస్థలో. ఊళ్లో తగాదా వస్తే పోలీస్ స్టేషన్ ఉంది, కోర్టు ఉంది. దేశాల తగాదాకు అలాంటిదేమీ లేదు. ఐక్యరాజ్యసమితి ఉన్నా తీర్పు అమలు చేయించే జవాన్లు దానికి సొంతంగా లేరు. కాబట్టి ఎవరి కాపలా వాళ్లదే. వాల్ట్జ్ చివరికి మొగ్గింది ఈ మూడో కారణం వైపే.

లెక్కలు కట్టి తేల్చాలనుకున్నవాళ్లూ ఉన్నారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జె. డేవిడ్ సింగర్ 1963లో 1816 నుంచి జరిగిన యుద్ధాలన్నిటినీ పట్టికలకెక్కించే పని మొదలుపెట్టాడు. పోరులో వెయ్యిమంది చనిపోతేనే యుద్ధమని ఆయన గీత గీశాడు. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు ఏడాదికి 25 మంది చనిపోయినా సాయుధ సంఘర్షణగా లెక్క రాసుకుంటారు. ఈ పట్టికల్లోంచి కొన్ని ఆసక్తికరమైన సంగతులు బయటపడ్డాయి. యుద్ధాలు ఎక్కువగా ఇరుగుపొరుగు మధ్యే వస్తాయి, అందులోనూ సరిహద్దు భూమి తగాదా ఉన్నచోట. ప్రజాస్వామ్య దేశాలు ఒకదానితో ఒకటి తలపడటం బహు అరుదు. ఈ రెండో సూత్రానికి 1999 కార్గిల్ ఒక చిక్కుముడి. అప్పుడు ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఎన్నికైన ప్రభుత్వాలే ఉన్నాయి. దాన్ని మినహాయింపుగా చూడాలా, సూత్రాన్నే సవరించాలా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ చదువులో తెలుగువాళ్లకు చప్పున పట్టుబడే భాగం ఇంకొకటుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను తెల్లవార్లూ కూర్చుని చూసిన తరాలు మనవి. కృష్ణుడు రాయబారానికి వెళ్తాడు, చివరికి అయిదూళ్లయినా చాలంటాడు, దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు. యుద్ధమైతే రెండు పక్షాలూ నాశనమేనని కొలువులో కూర్చున్న పెద్దలందరికీ తెలుసు. మరి బేరం ఎందుకు కుదరలేదు? 1995లో జేమ్స్ ఫియరన్ అనే పండితుడు రాసిన వ్యాసం సరిగ్గా ఈ ప్రశ్నే వేసింది. యుద్ధం ఇద్దరికీ ఖర్చే. కాబట్టి యుద్ధం చేసి తెచ్చుకునేదాన్ని ముందే కూర్చుని పంచుకుంటే ఇద్దరికీ లాభం. అయినా కుదరదంటే కారణాలు మూడే ఉండాలన్నాడు. ఒకటి, ఎవరి బలం ఎంతో ఎదుటివాడికి సరిగ్గా తెలియదు, చెప్పినా ఎవరూ నిజం చెప్పరు. రెండు, ఇవాళ ఇచ్చిన మాట రేపు నిలబెట్టుకుంటాడన్న నమ్మకం ఉండదు. మూడు, తగాదాలో ఉన్నదాన్ని ముక్కలు చేసి పంచుకోవడం కుదరదు.

దుర్యోధనుడి విషయంలో మూడోది వర్తించదు, ఊళ్లను పంచుకోవచ్చు. కర్ణుణ్ణి చూసుకుని తన బలాన్ని ఎక్కువ అంచనా వేసుకున్నాడు కాబట్టి మొదటిది వర్తిస్తుంది. రెండోది అన్నిటికంటే లోతైనది. ఇవాళ అయిదూళ్లు తీసుకున్న పాండవులు రేపు బలపడి మిగతా రాజ్యం అడగరన్న హామీ ఎవరిస్తారు? పదమూడేళ్ల తర్వాత రాజ్యం తిరిగి ఇస్తానన్న మాటను తానే తప్పినవాడు ఎదుటివాడి మాటను ఎలా నమ్ముతాడు?

మాట మీద నమ్మకం లేకపోతే ఏమవుతుందో ఈ మధ్యకాలంలో తెలంగాణ ఒక చేదు ఉదాహరణ చూసింది. భారత, చైనా దళాలు వాస్తవాధీన రేఖ దగ్గర తుపాకులు పేల్చకూడదని 1996లో ఒప్పందం చేసుకున్నాయి. 2020 జూన్ 6న రెండు వైపుల సైనికాధికారులు కూర్చుని గల్వాన్ లోయలో వెనక్కి తగ్గడానికి అంగీకరించారు. ఆ అంగీకారం అమలవుతోందా లేదా చూడటానికి 15వ తేదీన వెళ్లిన 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ సూర్యాపేటవాసి కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. చైనా గుడారం ఒకటి ఇంకా అక్కడే ఉంది. ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది భారత సైనికులు చనిపోయారు. తూటా పేలలేదు, 1996 నాటి మాట అంతవరకు నిలిచింది. మేకులు దిగ్గొట్టిన కర్రలతో, రాళ్లతో కొట్టుకున్నారు. కాగితం మీద ఒప్పందం ఉండటం, అవతలివాడు నిజంగా వెనక్కి తగ్గాడో లేదో తేల్చుకోవడం వేర్వేరు పనులని, రెండో పనిలోనే ప్రాణాలు పోతాయని గల్వాన్ చెప్పింది.

ఇంకా వెనక్కి వెళ్తే ఇదే కొలబద్దతో చూడాల్సిన యుద్ధం ఒకటి కొత్తగూడెం ప్రాంతానికి మరీ దగ్గరిది. 1948 సెప్టెంబరు నాటి హైదరాబాద్ సైనిక చర్య. భారత ప్రభుత్వం దాన్ని పోలీసు చర్య అంది, సైన్యం ఆపరేషన్ పోలో అని పేరు పెట్టుకుంది. అప్పటికి ఈ ప్రాంతపు బొగ్గు గనుల సంస్థ సింగరేణి నిజాం రాజ్యపు ఆస్తి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాలకు దిగింది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరొచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనేసింది. సొంత రైల్వే, సొంత నాణెం, సొంత సైన్యం, సొంత బొగ్గు. స్వతంత్రంగా ఉండగలమన్న ధీమాకు ఇవన్నీ ఊతమిచ్చాయి. చుట్టూ నాలుగు వైపులా భారతదేశమే, ఒక్క రేవైనా లేదన్న సంగతిని ఆ ధీమా కప్పేసింది.

1947 నవంబరు 29న ఢిల్లీ, హైదరాబాద్ ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ ఏడాది కూడా పూర్తి కాలేదు. నిజాం ప్రభుత్వం పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయలు అప్పిచ్చిందనీ, తన రాజ్యంలో భారత కరెన్సీ చెల్లదందనీ, కాసిం రజ్వీ నడిపే రజాకార్లకు పగ్గాలు వేయడం లేదనీ ఢిల్లీ వేలు చూపింది. సరుకులు రానీయకుండా సరిహద్దు మూసేసి ఊపిరాడనివ్వడం లేదని హైదరాబాద్ మొత్తుకుంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు తెచ్చి దింపుతుంటే ఢిల్లీ భయం ఇంకా పెరిగింది. ఢిల్లీ భయపడి సైన్యాన్ని సరిహద్దుకు దగ్గర చేస్తే, హైదరాబాద్ ఇంకాస్త ఆయుధాల కోసం వెతికింది. జూన్‌లో మౌంట్‌బాటెన్ వెళ్లిపోయే ముందు తయారైన ఒప్పందపు చివరి ముసాయిదా నిజాంకు ఎంతో అనుకూలమైనదని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. దాన్నీ హైదరాబాద్ తోసిపుచ్చింది. తమ బలం మీద అతి అంచనా, ఎదుటివాడి మాట మీద అపనమ్మకం, రెండూ అక్కడే ఉన్నాయి. పుస్తకాల్లో చదివే సూత్రానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగు నేల మీద దొరకదు.

ఆగస్టు 21న హైదరాబాద్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి, బెజవాడ వైపు నుంచి లోపలికి వచ్చింది. 16న పారిస్‌లో భద్రతా మండలి ఈ అంశాన్ని చేపట్టేసరికి యుద్ధం దాదాపు అయిపోయింది. 17న నిజాం లొంగిపోయారు, 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు కబురు పెట్టారు. అయిదు రోజుల యుద్ధం. సింగర్ గీత ప్రకారం పోరులో చనిపోయినవాళ్లను లెక్కించి వదిలేస్తే కథ సగమే తెలుస్తుంది. ఆ తర్వాత మరాఠ్వాడాలోనూ ఇతర జిల్లాల్లోనూ ముస్లింల మీద జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంటపడలేదు. యుద్ధానికి ముందు రజాకార్ల దాడుల్లో తగలబడ్డ ఊళ్లు, తర్వాత 1951 దాకా కమ్యూనిస్టు గెరిల్లాల మీద సాగిన సైనిక వేట, ఇవేవీ ఆ అయిదు రోజుల ఖాతాలోకి రావు.

బొగ్గు ఉన్నచోట యుద్ధం వస్తుందన్న అభిప్రాయం ఒకటి వాడుకలో ఉంది. గనుల కోసమే కొట్టుకుంటారని. జర్మనీలోని రూర్ లోయను చూస్తే మొదట అది నిజమే అనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నష్టపరిహారంగా బొగ్గు, కలప పంపాలి. బాకీ పడిందని 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్‌లోకి దిగాయి. గని కార్మికులు పని మానేశారు, జర్మనీ ప్రభుత్వం నోట్లు అచ్చేసి వాళ్లకు జీతాలిచ్చింది, మార్కు విలువ గాల్లో కలిసిపోయింది. ఆ అవమానాన్ని హిట్లర్ బాగా వాడుకున్నాడు. అయితే అదే రూర్, అదే బొగ్గు 1950లో ఇంకో పాత్ర పోషించాయి. మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ రెండు దేశాల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి సంస్థ కింద పెడదామన్నాడు. మరుసటి ఏడాది ఆరు దేశాలు సంతకాలు చేశాయి. తుపాకులు, ట్యాంకులు చేయాలంటే బొగ్గు, ఉక్కు కావాలి. అవి ఎంత తవ్వుతున్నారో, ఎక్కడికి పోతున్నాయో ఎదుటివాడి కళ్లముందే ఉంటే దొంగచాటుగా యుద్ధానికి సిద్ధపడటం కుదరదు. ఇవాళ్టి ఐరోపా సమాఖ్యకు బీజం ఆ బొగ్గు ఒప్పందమే. రూర్ గనుల్లో బొగ్గు తగ్గలేదు, పెరగలేదు. దాన్ని పక్కవాడు ఏం చేస్తాడోనన్న భయం తగ్గింది, అంతే.

దూరపు యుద్ధాలు బొగ్గు బెల్టును ఇప్పుడు వేరే దారిలో తాకుతున్నాయి. ఓసీలో బొగ్గు మీదున్న మట్టీ రాయీ, కార్మికుల మాటల్లో ఓబీ, తీయాలంటే బ్లాస్టింగ్ చేయాలి. పేలుడు మందుకు అమ్మోనియం నైట్రేట్ కావాలి. దాన్ని ఎగుమతి చేసే దేశాల్లో రష్యాది పెద్ద వాటా. 2022 ఫిబ్రవరిలో తన రైతుల కోసమని రష్యా ఆ ఎగుమతులను రెండు నెలలు ఆపింది. అదే నెల 24న ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. ఆ ఏడాది ఆస్ట్రేలియా బొగ్గు ధర టన్ను 400 డాలర్లు దాటింది. కరెంటు కోతల భయంతో కేంద్రం దేశీయ బొగ్గు వాడే విద్యుత్ కేంద్రాలను పది శాతం విదేశీ బొగ్గు కలుపుకోమంది. కొత్తగూడెంలో షిఫ్టు దిగి వచ్చినవాడికి కీవ్ ఎక్కడుందో తెలియకపోవచ్చు, ఓబీ కాంట్రాక్టరు మందు ఖర్చులో మాత్రం కీవ్ ఉంది.

కొత్తగూడెం జిల్లాలో అంతర్జాతీయ భద్రత చదివేవాళ్లు తప్పక చూడాల్సిన చోటు ఇంకోటి ఉంది. సారపాక దాటి మణుగూరు వైపు వెళ్తుంటే అశ్వాపురం దగ్గర ఆకాశంలోకి లేచిన ఉక్కు టవర్లు కనిపిస్తాయి. అది మణుగూరు భారజల కర్మాగారం. 1991లో ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి 185 టన్నుల సామర్థ్యంతో కట్టారు. మామూలు నీళ్లలో దాదాపు ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి బరువైనది ఉంటుంది, దాన్ని డ్యుటీరియం అంటారు. గోదావరి నీళ్లను తెచ్చి, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో కలిపి టవర్లలో కిందికీ పైకీ తిప్పుతారు. చల్లటి టవర్‌లో డ్యుటీరియం నీళ్లలోకి చేరుతుంది, వేడి టవర్‌లో వాయువులోకి మారుతుంది. ఈ ఎక్కుదిగుళ్లను పదేపదే నడిపితే భారజలం చిక్కబడుతూ వస్తుంది. వాయువు విషపూరితం. కొద్దిగా లీకైతే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియకుండా పోతుంది. అందుకే అక్కడ భద్రతా నియమాలు అంత కఠినం. ఈ యంత్రాంగానికంతా కావాల్సిన ఆవిరి, కరెంటు సింగరేణి బొగ్గు నుంచే.

సహజ యురేనియంతో నడిచే రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించడానికి భారజలం కావాలి. కైగా, కాక్రపార్, రాజస్థాన్ అణు విద్యుత్ కేంద్రాలు ఆ రకానివే. అలాంటి రియాక్టరులో కాలిన ఇంధనం నుంచి అణుబాంబుకు పనికొచ్చే ప్లుటోనియం కూడా తీయవచ్చు. చిక్కు అక్కడే వచ్చింది. 1940లో ప్రపంచంలో భారజలం చెప్పుకోదగ్గ మోతాదులో తయారయ్యేది నార్వేలోని వెమార్క్‌లోనే. అప్పటికి అక్కడున్న నిల్వ 185 కిలోలు. జర్మన్లకు చిక్కకూడదని ఫ్రాన్స్ దాన్ని ముందుగానే రహస్యంగా తరలించింది. తర్వాత జర్మనీ నార్వేను ఆక్రమించుకుంది. 1943 ఫిబ్రవరిలో తొమ్మిది మంది నార్వే కమాండోలు మంచుకొండలెక్కి ఆ కర్మాగారాన్ని పేల్చేశారు. 1944లో భారజలం తీసుకెళ్తున్న పడవను సరస్సులో ముంచేస్తే దాంట్లో ఉన్న సామాన్య ప్రయాణికులూ పోయారు. యుద్ధం ముగిశాక తేలిందేమిటంటే, జర్మనీ అణుబాంబుకు దరిదాపుల్లో కూడా లేదు. కానీ వాళ్ల దగ్గర ఉండొచ్చన్న భయమే అమెరికా చేత బాంబు చేయించింది.

ఈ చదువులో దీన్ని భద్రతా సంకటం అంటారు. 1950లో జాన్ హెర్జ్ ఆ ఊహకు పేరు పెట్టాడు, 1978లో రాబర్ట్ జెర్విస్ దాన్ని విప్పి చెప్పాడు. ఆత్మరక్షణకని ఒకడు చేసే పని ఎదుటివాడికి దాడి సన్నాహంలా కనబడుతుంది. అతనూ సన్నద్ధమవుతాడు. ఇద్దరిలో ఎవరికీ యుద్ధం అక్కర్లేకపోయినా ఇద్దరూ దాని అంచుకు చేరతారు. ముఖ్యంగా దాడి ఆయుధానికీ రక్షణ ఆయుధానికీ తేడా చూడగానే తెలియనప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. భారజలంలో ఆ తేడా బొత్తిగా తెలియదు.

మణుగూరు కథ ఇదే దారిలో నడిచింది. కెనడా ఇచ్చిన సైరస్ రియాక్టరులో అమెరికా పంపిన భారజలం వాడారు. ఆ రియాక్టరులో తయారైన ప్లుటోనియంతోనే 1974 మే 18న పోఖ్రాన్ పరీక్ష జరిగింది. శాంతియుత ప్రయోజనాలకని భారత్ అంది. ఇచ్చిన మాట తప్పారని కెనడా అంది, సహకారం తెంచేసుకుంది. అణు సరఫరా దేశాల బృందం పుట్టింది ఆ పరీక్ష తర్వాతే. రియాక్టర్లు నడవాలంటే భారజలం కావాలి, బయటివాళ్లు ఇవ్వరు. అలా సొంతంగా కట్టుకున్నవాటిలో పెద్దది మణుగూరు. 2005 జులై 18న మన్మోహన్ సింగ్, జార్జి బుష్ భారత్-అమెరికా అణు ఒప్పందానికి తెర తీశారు. 2006లో పార్లమెంటు ముందు పెట్టిన విభజన ప్రణాళికలో థాల్, ట్యుటికోరిన్, హజీరా భారజల కర్మాగారాలను పౌర అవసరాలవిగా గుర్తిస్తామన్నారు. మణుగూరు పేరు ఆ జాబితాలో లేదు. ఢిల్లీ లెక్కలో అది ముందు జాగ్రత్త. ఇస్లామాబాద్ నుంచి చూసేవాళ్లకు అదొక ప్రశ్నార్థకం. పాకిస్తాన్ ఖుషాబ్‌లో భారజల రియాక్టర్లు కట్టుకుంటే ఢిల్లీకి అవీ అలాగే కనిపించాయి. ఇక్కడే ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. క్యాన్సర్‌ను పసిగట్టే పెట్ స్కాన్‌కు కావాల్సిన ఆక్సిజన్-18 నీళ్లనూ మణుగూరులో తయారుచేస్తున్నారు. ఒకే ప్రహరీ లోపల ఆస్పత్రికి పోయేదీ ఉంది, పొరుగు దేశపు నిఘా అధికారుల నిద్ర చెడగొట్టేదీ ఉంది. కొత్తగూడెం మైనింగ్ కళాశాలకు ఈ మధ్య విశ్వవిద్యాలయ హోదా ఇచ్చినప్పుడు దానికి మన్మోహన్ సింగ్ పేరే పెట్టడం యాదృచ్ఛికమే, అయినా ఈ జిల్లాకు నప్పింది.

ఇంత అనుమానం మధ్య కూడా భారత్, పాకిస్తాన్ ఒక చిన్న పని తప్పకుండా చేస్తూ వచ్చాయి. ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. జాబితాలో ఏమున్నాయో బయటపెట్టరు. కార్గిల్ జరిగిన మరుసటి జనవరిలోనూ, పుల్వామా, బాలాకోట్‌ల తర్వాతి జనవరిలోనూ ఆ కాగితాలు చేతులు మారాయి. నమ్మకం లేనివాళ్ల మధ్య కూడా చిన్న మాట నిలబడగలదని ఈ రంగంలోని వాళ్లు చూపించే ఉదాహరణల్లో ఇదొకటి. రూర్ బొగ్గులా ఇక్కడా గుట్టు కొంచెం విప్పడమే మందు.

ఇక ఇప్పటి సంఘర్షణల్లో దేశాల మధ్యవి తక్కువ, దేశాల లోపలివే ఎక్కువని ఉప్సాలా పట్టికలు చెబుతాయి. ఆ రెండో రకం బాధితులు కొత్తగూడెం జిల్లాలోనే ఉన్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, మావోయిస్టులకూ ఆ దళాలకూ మధ్య ఊళ్లు నలిగిపోయి, వేల కుటుంబాలు అడవి దాటి ఇటువైపు వచ్చాయి. చర్ల, దుమ్ముగూడెం, అశ్వాపురం అడవుల్లో గుత్తికోయల గూడేలు అలా వెలిసినవే. 2011 జులైలో సుప్రీంకోర్టు సల్వాజుడుంను రాజ్యాంగ విరుద్ధమంది, వచ్చినవాళ్లలో చాలామంది మాత్రం తిరిగి వెళ్లలేదు. దేశ సరిహద్దు దాటలేదు కాబట్టి 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం వీళ్లకు వర్తించదు. రాష్ట్రం దాటారు కాబట్టి తెలంగాణలో ఎస్టీ గుర్తింపు దొరకదు. పోడు కొట్టుకుంటే అటవీ శాఖతో గొడవ. ఐక్యరాజ్యసమితి 1998లో అంతర్గత నిర్వాసితుల కోసం మార్గదర్శక సూత్రాలు రాసింది, కానీ వాటిని పాటించి తీరాలన్న నిర్బంధం ఏ ప్రభుత్వం మీదా లేదు. యుద్ధ పట్టికల్లో చనిపోయినవాళ్లకు గడి ఉంది, గూడెం వదిలేసి వచ్చి చెట్టు కింద కొత్త గుడిసె వేసుకున్నవాళ్లకు చాలా పట్టికల్లో లేదు.

ఈ చదువు చదవాలంటే అబెరిస్ట్‌విత్ దాకా పోనక్కర్లేదు. ఢిల్లీ జేఎన్‌యూలోని అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు దేశంలో పాతది, 1955లో సప్రూ హౌస్‌లో మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. మద్రాస్, పుణె విశ్వవిద్యాలయాల్లో రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాల విభాగాలున్నాయి, యూజీసీ నెట్‌లోనూ అది ఒక సబ్జెక్టు. సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ 1970 నుంచి సైనికాధికారులకు పాఠాలు చెబుతోంది. సైన్సు చదివినవాళ్లకు ఈ తలుపు మూసుకుపోయిందనుకోవడం కూడా తప్పు. దేశంలో విదేశాంగ వ్యవహారాల మీద అందరూ చదివే రచయితల్లో ఒకరైన సి. రాజమోహన్ విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ చదివి, ఆ తర్వాతే జేఎన్‌యూకి వెళ్లి అంతర్జాతీయ సంబంధాల్లో పరిశోధన చేశారు. అణు ఒప్పందం మీద ఆయన పుస్తకం 2006లో వచ్చింది.

చదవడానికి ముడిసరుకూ ఖరీదేమీ కాదు. సింగర్ మొదలుపెట్టిన యుద్ధాల పట్టికలు, ఉప్సాలా లెక్కలు ఇంటర్‌నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2006 విభజన ప్రణాళిక పార్లమెంటు పత్రం. హైదరాబాద్ ఫిర్యాదు మీద భద్రతా మండలిలో ఎవరేమన్నారో సమితి రికార్డుల్లో ఉంది. మండలి దాని మీద చివరిసారి చర్చించింది 1949 మే 24న. నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకున్నా, సంస్థానం భారత్‌లో కలిసిపోయినా, ఆ అంశం దశాబ్దాల తర్వాత కూడా మండలి పరిశీలనలో ఉన్నవాటి జాబితాలో కొనసాగుతూ వచ్చింది.